వజ్రకేతు కుడిచెయ్యి

ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక దాని మీద ఎర్రలైటు వెలుగుతుందనుకున్నాడు రియాజ్, సినిమాల్లో వెలిగినట్టు. ఆత్మకూరులోని ఈ చిన్న ఆసుపత్రిలో అలాంటి లైటేదీ లేదు. తలుపుకు ఒక పచ్చగుడ్డ తెర, దాని కింద నుంచి లోపల తిరిగేవాళ్ళ చెప్పులు కనబడుతున్నాయి, అంతే. లోపల నాయనకు కుడిచెయ్యి తీసేస్తున్నారు. నెల్లూరు నుంచి వచ్చిన సర్జన్ కూడా ఆ మాటే అన్నాడు, మణికట్టు పైదాకా తీసెయ్యాలి బాబూ అని, చొక్కాకు వేలాడుతున్న గుండీని తీసేద్దామన్నంత తేలిగ్గా. రియాజ్ మనసులో మాత్రం పొద్దుటి నుంచీ ఇంకో మాట తిరుగుతోంది. నరుకుతున్నారు. ఆ మాట తనదే గనక. పోయిన రంజాన్ నెలలో తనే రాశాడు: నీలాంశుడు కత్తి దూశాడు, వజ్రకేతు కుడిచెయ్యి తెగి నేల మీద పడింది, వేలి ఉంగరం దొర్లుకుంటూ పోయి సింహాసనం మెట్టు దగ్గర ఆగింది. ఉంగరం దొర్లడం ఎంత బాగుందో అని ఎవరెవరో మెచ్చుకున్నారు. నాయన వేలికి ఉంగరం లేదు. వేళ్ళే నల్లబడిపోయాయి, వాటికి ఉంగరమొకటా.

మబ్బుకోట అని టీవీలో రెండేళ్ళు వచ్చింది ఆ సీరియల్. గాల్లో తేలే కోట, రెక్కల పాములు, మంత్రమేస్తే రాళ్ళైపోయే సైన్యం, వీటన్నిటి మధ్యా వజ్రకేతు అనే రాజు, నీలాంశుడనే కొడుకు. ఉదయగిరిలో పుట్టినవాడికి గాల్లో కోట ఏం వింత, వానాకాలం పొద్దున్నే లేచి చూస్తే దుర్గం సగం కొండ మీదా సగం మబ్బులోనూ ఉంటుంది. రాజు కొడుకును బురుజులో పెట్టి తాళం వేసిన రోజున సీరియల్ ఆగిపోయింది, ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు. ఆ తాళం తీసేవాడు లేక అభిమానులే తలా ఒక కథ అల్లడం మొదలుపెట్టారు, ఫోన్లో కథలు రాసుకునే యాప్‌లో. దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టే అది, రాజు మనవాడు కాదు, కోట మనది కాదు, పాములు అసలే కావు. అందుకే రియాజ్‌కు ధైర్యం వచ్చింది. సెల్‌ఫోన్లు బాగుచేసే నెల్లూరు షాపులో, ఉండేదీ అక్కడే, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కూర్చుని రాసేవాడు. తన పేరు పెట్టుకోలేదు, ఎడంచెవి అని పెట్టుకున్నాడు. అసలు సీరియల్లో వజ్రకేతు మహా క్రూరుడే గాని కొడుకు మీద ఒక్కసారీ చెయ్యెత్తలేదు. చెయ్యెత్తించింది రియాజ్. చెంప మీద రాజు కొట్టిన దెబ్బకు నీలాంశుడి ఎడంచెవి పోయినట్టూ, అప్పట్నుంచీ ఎడంపక్క నుంచి వచ్చే రెక్కల పాము చప్పుడు అతనికి వినబడనట్టూ రాసింది రియాజే. చదివేవాళ్ళు అబ్బ, ఏం కల్పనరా అన్నారు.

కల్పనంట. ఎనిమిదో తరగతి ఎండాకాలం సెలవుల్లో జరిగిందది. నాయన నబీ రసూల్ కొయ్య గరిటెలు చేస్తాడు, వాళ్ళ నాయనా అదే చేసినాడు, ఆ వీధిలో సగం ఇళ్ళలో అదే పని. అప్పుడు నాయన చేతిలో ఉన్న గరిటె నెల్లూరులో ఎగ్జిబిషన్‌కు అడిగారని చేస్తున్నది, ఒకే చెక్కలోంచి పిడి, పిడి చివర ఒకదాంట్లో ఒకటి దూరి వదులుగా ఊగే గొలుసు కడియాలు, ఎక్కడా అతుకన్నది లేకుండా. పని ఆపినప్పుడల్లా చెక్క ఎండి పగలకుండా తడిగుడ్డలో చుట్టి పెట్టేవాడు, పసిబిడ్డను చుట్టినట్టు. ఆ శుక్రవారం నాయన జుమ్మా నమాజుకు వెళ్ళాడు. చెల్లెలు సాయిరా ఏడుస్తుంటే కథ చెప్పి ఊరుకోబెడదామని తడిగుడ్డ విప్పి గరిటెను కత్తిలా పట్టుకున్నాడు రియాజ్, ఒక రాకుమారుడు, ఒక రాక్షసుడు, కత్తి ఇట్లా తిప్పినాడు చూడూ అని. కడియాలు గడపకు తగిలాయి. టప్ మని ఒకటే చప్పుడు, నెత్తి మీద టోపీ తియ్యకుండానే నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్కటే దెబ్బ. జీవితం మొత్తానికి ఒక్కటే, ముందు లేదు, తర్వాత లేదు. రోజూ కొట్టే తండ్రయితే ఈపాటికి లెక్క మర్చిపోయి ఉండేవాడు. ఈ ఒక్కదాన్నీ ఏం చెయ్యాలో ఇన్నేళ్ళుగా తెలియడం లేదు. చెవిలో ఈల మోగింది, మోగీ మోగీ కొన్నాళ్ళకు అదీ ఆగింది. అమ్మ మస్తాన్‌బీ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. బడికి వచ్చిన క్యాంపు డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి ఎవురు కొట్టినారు అనడిగితే రియాజ్ నోరు తెరవలేదు. నాయనా ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. కానీ అప్పట్నుంచీ ఒకటి గమనించాడు రియాజ్. నాయన ఏం చెప్పాలన్నా కుడిపక్కకే వచ్చి చెప్తాడు. రోడ్డు మీద నడిచేటప్పుడు కుడిపక్కే నడుస్తాడు. పండక్కి పక్కపక్కన కూర్చుని తినేటప్పుడు కూడా మనుషుల్ని జరిపించుకుని మరీ కుడిపక్కన కూర్చుంటాడు. ఆ కుడిపక్కనే పట్టుకుని వేలాడాడు రియాజ్ ఇన్నేళ్ళూ. తెలుసన్నమాట ఆయనకు, నోటితో చెప్పలేక నడకతో చెప్తున్నాడన్నమాట అనుకునేవాడు. ఆకలైనవాడు వాసనతో కడుపు నింపుకున్నట్టు.

తలుపు సందులోంచి మందు వాసన వస్తోంది. బల్ల మీద పక్కన కూర్చున్న ముసలామె ఎవరితోనో ఫోన్లో దుత్తలూరు బస్సు సంగతి అడుగుతోంది. రియాజ్ ఫోను తీసి చూశాడు, యాప్‌లో మళ్ళీ గంట గుర్తు, మళ్ళీ అదే గోల. తర్వాతి భాగం ఎప్పుడు బ్రో. రాజు చావాలి బ్రో, చెయ్యొక్కటే చాలదు. ఆ చెయ్యి తెగిన భాగం పెట్టినప్పుడే మొదలైంది ఇదంతా. రాసినవాడు ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. మబ్బుకోట అంటే నాయనకు పిచ్చి, ఆగిపోయిందని అన్నం సరిగ్గా తినలేదు కొన్నాళ్ళు. కళ్ళు మసకలు కమ్మి చదవలేడు, చదవగలిగినా ఆయన చదివింది కాస్తా ఉర్దూ. అందుకని సాయిరా ఫోన్లో ఎడంచెవి కథ పెట్టి, చదివి వినిపించే బొత్తాం నొక్కి, ఆయన ముందు పెట్టేది. ఫోన్లోని ఆడగొంతు రాగం లేకుండా చదువుతుంటే ఆకురాయితో పిడి అరగదీస్తూ వినేవాడట. రియాజ్‌కు ఈ సంగతి సాయిరా నోటే తెలిసింది, నాయన్ను పట్టలేకున్నామన్నా, ఆ రాజును తిట్టినతిట్టు తిట్టకుండా తిడతా ఉండాడు అని నవ్వింది. వింటున్నాడు. నాయన వింటున్నాడు. ఇక ప్రతి వాక్యం ఆయన కుడిపక్కన కూర్చుని చెప్తున్నట్టే రాశాడు, గరిటె బదులు బంగారు వీణ, గడప బదులు పాలరాతి మెట్టు, జుమ్మా బదులు యాగం, మిగతా అంతా ఉన్నదున్నట్టు. ఇంకా తెలియకుండా ఉంటుందా? చెయ్యి తెగిన భాగం వచ్చిన మర్నాడు సాయిరాకు ఫోన్ చేశాడు. నాయన ఏమన్నాడే అని. మంచి పని చేసినాడు అన్నాడంట. బిడ్డ చెవి పోగొట్టినోడికి ఆ చెయ్యెందుకు, అన్నం తినేదానికా, అన్నాడంట. అని ఆకురాయి మళ్ళీ అందుకున్నాడంట.

ఆ మాటను ఎన్ని వైపులకు తిప్పి చూశాడో. ఒకవైపు నుంచి చూస్తే, నాయనకు ఆ రాజెవరో తెలియనే తెలియదు, ఊళ్ళో ఎవడో దుర్మార్గుడి కథ విన్నట్టు విన్నాడు. ఇంకోవైపు నుంచి చూస్తే అన్నీ తెలిసే అన్నాడు, అది ఆయన తనకు తాను వేసుకున్న తీర్పు. మొదటిదే నిజమైతే తను పడిందాంట్లో ఒక్కటీ ఆ తండ్రిదాకా చేరలేదు. రెండోదే నిజమైతే, అల్లా, దాన్ని తల్చుకోడానికే వణుకు. ఎందుకంటే ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆకురాయి జారి నాయన బొటనవేలు చీరుకుంది. షుగరు మనిషి. ఇదివరకైతే గీత పడినా కడుక్కుని పసుపు పెట్టుకునేవాడు, వేళ్ళంటే అంత జాగ్రత్త, వేళ్ళే అన్నం గదా. ఈసారి ఎవరికీ చూపించలేదు. వరికుంటపాడు నుంచి ఎవరో పసరు చెప్పారని అదేదో కట్టి, దాని మీద గుడ్డ చుట్టి, ఆ గుడ్డతోనే పనిచేశాడు. వాసన వచ్చి సాయిరా విప్పి చూసేసరికి అరచెయ్యి సగం పోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, ఆసుపత్రి మాటెత్తితే కసిరాడంటే వింతేం లేదు. వింతేం లేదనే అనుకోవాలి. చెడ్డమాట నోట రానియ్యగాకురా, పైన ఫరిష్తాలు తిరగతా ఉంటారు, ఆమీన్ అన్నారంటే అయిపోతాది అనేది అమ్మ. పక్కింటివాళ్ళకు తథాస్తు దేవతలు, వీళ్ళకు ఫరిష్తాలు, ఎవరైతేనేం, పైన ఎవరో ఒకరు కాచుకునే ఉంటారు. నోటితో అనలేదమ్మా, రాశాను. రాసింది కూడా వింటారా వాళ్ళు? ఫోన్లో ఆడగొంతు చదివితే వింటారా?

తర్వాతి భాగం రాయక కాదు. రాసి రాసి చెరిపేశాడు. అందులో వజ్రకేతు ఒంటిచేత్తో కొడుకు ముందుకొచ్చి నిలబడాలి, నిలబడి ఒక మాట అనాలి. కుమారా, నన్ను మన్నించు అని రాశాడు ఒకసారి, రాసిన వేళ్ళే నవ్వాయి. ఒక ముక్క మచ్చుకు పెడితే చదివేవాళ్ళు ఊరుకోలేదు, ఎడంచెవి బ్రో, ఈ రాజు ఇట్లా మాట్లాడడు, క్యారెక్టర్ చెడగొట్టకు అన్నారు. వాళ్ళదే నిజం. ఏం మాట్లాడతాడు మరి? నాయన గొంతుతో ప్రయత్నించాడు. కొట్టినాన్లేరా, అయితే ఏంది ఇప్పుడు. ఇదీ చాలు, ఇంతకంటే ఒక్క అక్షరం అక్కర్లేదు, కొట్టినాన్లేరా. అది రాసిన రోజు షాపులో అందరి ముందూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సోల్డరింగ్ పొగ అని చెప్పాల్సి వచ్చింది. కానీ అది నాయన అన్నది కాదు, తను అనిపించింది. తను రాసిన ఆకలికి తనే వండిపెట్టుకుంటే అది అన్నమెట్లా అవుతుంది. ఈ పొద్దున నాయన్ను స్ట్రెచర్ మీద ఎక్కించేముందు కాసేపు ఇద్దరే ఉన్నారు. అడుగుదామనుకున్నాడు, నాయనా, ఆ కథ రాసేది నేనే, నీకు తెలుసా అని. నాయన పైకప్పుకేసి చూస్తూ, షాపుకు సెలవు పెట్టినావా అన్నాడు. పెట్టినాను నాయనా అన్నాడు రియాజ్. ఊఁ అన్నాడాయన. అంతలో వచ్చి తీసుకుపోయారు.

సాయిరా కింద కొట్లో టీ తెచ్చింది, రెండు కాగితం గ్లాసులు. ఒకటి వీడి చేతిలో పెట్టి కుడిపక్కన కూర్చుంది. నాయన్ను చూసి ఆమెకూ అదే అలవాటైంది.

"అన్నా, ఒకటి అడగనా. ఎడంచెవి నువ్వే గదా?"

రియాజ్ టీ గ్లాసులోకి చూశాడు. "ఎప్పుడు తెలిసింది?"

"ఈణె ఇరిగినకాడ. అట్లా ఒక సామాను ఇరిగిందని అమ్మ ఎప్పుడో అన్నింది."

"నీకు గుర్తుందా ఆ రోజు? నీ ముందే గదా జరిగింది."

సాయిరా నిజంగానే ఆలోచించింది పాపం. "లేదన్నా. చిన్నదాన్ని గదా. నీకు చెవి ఇనపడదని తెలుసు. ఎట్లా పోయిందో ఎవురూ చెప్పలా, నేనూ అడగలా."

"నాయనకు చెప్పినావా, రాసేది నేనని?"

"చెప్పలా."

"ఆయనకు తెలుసంటావా?"

"ఏమోన్నా. నాయన లోపల ఏముందో అమ్మకే తెలీదు, నాకేం తెలుస్తాది."

అమ్మ మూడేళ్ళ కిందట పోయింది. ఈ పిల్లకు గుర్తు లేదు. అంటే ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్న నలుగురిలో ఇప్పుడు మిగిలింది ఇద్దరు, కొట్టినవాడు, పడినవాడు. ఇద్దరిలో ఒకరు ఒప్పుకోకపోతే అది జరిగినట్టా కానట్టా? ఇంత చిన్న లెక్క చేతకాక ఒక రాజునూ కోటనూ తెచ్చిపెట్టుకున్నాడు. రియాజ్‌కు తన మీద తనకే జాలేసింది, జాలి పోయి రోత పుట్టింది. కొట్టినాన్లేరా అంటే చాలు. చెయ్యి పోతే పోయింది, మనిషి ఉన్నాడు, బయటికొస్తాడు, ఈసారి అడగాల్సిందే. అడక్కపోతే ఆ రెండో అనుమానం తనను బతకనివ్వదు, నా కథ విని నా తండ్రి తన చేతిని తనే కుళ్ళబెట్టుకున్నాడా అన్నది.

పచ్చతెర కదిలింది. అటెండర్ చెంచయ్య బయటికొచ్చి, నబీ రసూల్ తాలూకు ఎవురు అన్నాడు. చేతుల్లో తెల్లగుడ్డ మూట ఉంది. మీ వాళ్ళయితే మట్టి చేసుకుంటారు గదా, అందుకని పారెయ్యకుండా తెచ్చినాను, మిగతావోళ్ళు అడగరు, అని మర్యాదగానే చెప్పాడు. సాయిరా గోడకేసి తిరిగిపోయింది. రియాజ్ రెండు చేతులూ చాపాడు. ఎప్పుడూ అనుకోలేదు ఇంత బరువుంటుందని. కథలో తెగిపడ్డ చేతికి బరువు రాయలేదు, ఉంగరం గురించి రాశాడు, నెత్తురు గురించి పువ్వులూ గివ్వులూ పెట్టి రాశాడు. ఇది తడిగుడ్డలో చుట్టిన చెక్కంత బరువుంది, ఇంకా పని మిగిలిన చెక్క. గుడ్డ కింద వేళ్ళు చేతికి తగిలాయి. తనకు నడక నేర్పింది ఈ వేళ్ళే అయ్యుండాలి, గుర్తు లేదు. గుర్తున్నది ఒక్కటే. నాయన చెయ్యి పట్టుకోవడం ఎన్నేళ్ళకో ఇదే, అదీ నాయన లేకుండా. ఏడుపు వస్తే బాగుండుననుకున్నాడు. మూటను ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనని తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. ఆమీన్ అన్నవాళ్ళెవరో పైనుంచి చూస్తూనే ఉంటారు.

చాలాసేపటికి లోపలికి రమ్మన్నారు. నాయన కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు, మోచేతి దాకా తెల్లకట్టు, ఇంతకాలం లేని ముసలితనం మొహంలోకి ఒక్కసారే వచ్చి కూర్చుంది. కళ్ళు తెరిచి వీణ్ణి చూశాడు. రియాజ్ స్టూలు జరుపుకుని దగ్గరగా కూర్చున్నాడు, మూట ఒళ్ళోనే ఉంది.

"యాడ పెట్టినారు?" అన్నాడు నాయన.

"నా కాడ ఉండాది నాయనా."

"పొద్దుగూకకముందే మట్టి చేసిరా. మీ అమ్మ పక్కన."

"అట్నే."

ఇప్పుడే. మందు మత్తులో ఉన్న మనిషి అబద్ధమాడడు అంటారు, ఇప్పుడే అడగాలి. నాయనా, ఆ రాజు ఉన్నాడే అని మొదలుపెడదామని నోరు తెరిచాడు. అప్పుడే నర్సు విజయదుర్గ వచ్చి ఎడంపక్కన నిలబడి మాత్రల సంగతి ఏదో చెప్పింది, వీడు తిరగలేదు. నాయన ఎడమచెయ్యి కొంచెం లేపాడు.

"అమ్మా, ఆ పక్క నించి చెప్తే మావోడికి ఇనపడదు. ఈ పక్కకొచ్చి చెప్పు."

"చెవి బాగలేదా పెద్దాయనా?"

"చిన్నప్పుడు గండిపాలెం కాడ ఈతకు పొయ్యి పోగొట్టుకున్నాడమ్మా. చెవులోకి నీళ్ళు పొయినాయి. నేనే భుజానేసుకోని పరిగెత్తినాను డాక్టరు కాడికి. చెప్పులు గూడా ఏసుకోలా. ఏం లాబం, అప్పటికే పొయింది." గొంతు బొంగురుపోయింది, కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల మీదికి కారాయి. "ఒక్క మగబిడ్డ. కొంచెం గట్టిగా చెప్పు తల్లీ వాడికి."

రియాజ్ ఆ మొహాన్ని చూశాడు. చచ్చిన ఫోన్ బోర్డును లైటు కింద పెట్టి లైను ఎక్కడ తెగిందా అని వెతికినట్టు, కళ్ళనూ పెదాలనూ నుదుటినీ వెతికాడు. ఎక్కడా తెగలేదు. ఎండలో చెప్పులు లేకుండా ఆయన పరిగెత్తిన దోవ ఆయనకు కనబడుతోంది, భుజం మీద బిడ్డ బరువు కూడా తెలుస్తోంది, ఆ నీళ్ళు దొంగ నీళ్ళు కావు. నాయన తనకు తాను శిక్ష వేసుకోలేదు. వేసుకోవడానికి ఆయన దగ్గర తప్పేదీ లేదు. ఇన్నేళ్ళూ కుడిపక్కన నడిచింది ఈత కొట్టి చెవి పోగొట్టుకున్న వేరే ఎవరో పిల్లవాడి పక్కన, వాడంటే ప్రాణం ఆయనకు. పుండు పుండే, పసరు పసరే, అందులో కథ లేదు. గుండెల మీద నుంచి అంత పెద్ద రాయి దిగిపోతుంటే హాయిగా ఉండాలి గదా, దిగిన చోట ఏమీ లేదు. ఇక ఆ దెబ్బ ఎక్కడా జరగలేదు, ఆగిపోయిన ఒక సీరియల్లో ఒక రాజు కొట్టాడు, అంతే.

"అవునా బాబూ, ఈతకా? మా తమ్ముడికీ అట్నే అయింది," అంది నర్సు కుడిపక్కకు వస్తూ.

నాయన కళ్ళు తిప్పి వీడికేసే చూస్తున్నాడు, ప్రేమగా, సాక్ష్యం చెప్పరా అన్నట్టు. తువ్వాలు కింద మూట ఒళ్ళో బరువుగా ఉంది, గుడ్డలోంచి తడి ప్యాంటుకు తగులుతోంది.

"ఔను మేడం," అన్నాడు రియాజ్. "ఈతకు పొయ్యే."

నాయన తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. నర్సు ఏ మాత్ర తిన్నాక వెయ్యాలో, ఏది తినకముందు వెయ్యాలో గట్టిగా, వార్డంతా వినబడేట్టు చెప్పడం మొదలుపెట్టింది. రియాజ్ తల ఊపుతూ విన్నాడు. రియాజ్‌కు ఈత రాదు.